ఒకటో నంబరు కార్డు

ఎంటర్ కొట్టి గంటయినా అయ్యుంటుందని యమున అనుకుంది. గోడ మీది గడియారం మాత్రం పదమూడు నిమిషాలే అంటోంది. నల్లటి తెర, పైన ఎడమ మూలన తను టైపు చేసిన ఒకే ఒక్క వరుస, దాని కింద మిణుకుమంటూ చిన్న తెల్ల గీత, ఇంకేమీ లేదు, ఉండదు కూడా, ఈ పనిముట్టు సంగతే అంత, పని చేస్తున్నంతసేపూ ఉలకదు పలకదు, అయిపోయాక అంతా ఒక్కసారే చెబుతుంది. మాసిఫ్ అని దాని పేరు. నడుస్తున్న ప్రోగ్రాం భుజాన ఎక్కి కూర్చుని, అది ఏ క్షణాన ఎంత మెమరీ తీసుకుంది, ఎంత తిరిగి ఇచ్చేసింది అని గుర్తు పెట్టుకుంటూ పోతుంది. చివరికి ఒక బొమ్మ గీస్తుంది. తీసుకున్నది ఇచ్చేసే బుద్ధి ప్రోగ్రాముకి ఉంటే బొమ్మలో గీతలు లేస్తూ పడుతూ ఉంటాయి, లేకపోతే మెట్లలాగా ఎక్కుతూనే పోతాయి. మనిషిని భుజాన మోసేవాడు పరుగెత్తలేడు కదా, మూడు నిమిషాల్లో అయ్యే పని అందుకే గంట పడుతుంది. ఆఫీసు కింద నేతవాళ్ల ఇల్లు, మదనపల్లెలో ఈ నీరుగట్టువారిపల్లె వైపు ఏ ఇంటి మీద అద్దెకు దిగినా కింద మగ్గాలు తప్పవు, ఆ చప్పుడు మెట్ల మీదుగా ఎక్కి కుర్చీ కాళ్లలోంచి వెన్నులోకి వస్తుంది. అలవాటైపోయింది. చప్పుడు ఆగితేనే ఉలిక్కిపడుతుంది, కరెంటు పోయిందని. ఎనిమిదిన్నరకి అదే జరిగింది, అప్పటికి సగం దాకా నడిచిన కొలత కాస్తా గాలికి పోయింది, తొమ్మిదిన్నర దాటాక కరెంటు వస్తే మళ్లీ మొదటి నుంచి. పక్కన టీ ఎప్పుడు తెచ్చి పెట్టారో, మీద మీగడ కట్టింది.

పదకొండుకల్లా కాగితం కావాలన్నాడు భీమారావు. పుంగనూరులో పాల సంఘానికి మేనేజరు ఆయన, ఇరవై మూడు పల్లెల్లో పాలు పోయించుకునే కేంద్రాలు ఆయన చేతి కింద ఉన్నాయి, ఇరవై మూడింట్లోనూ యమున రాసిన ప్రోగ్రామే నడుస్తోంది, ఇరవై రెండింట్లో ఏ పేచీ లేదు. చౌడేపల్లె అవతల మిట్టపల్లె కేంద్రంలో మాత్రం దాదాపు రోజూ మిషన్ నట్టనడి పనిలో కొయ్యబారిపోతుంది. పాలు పోసేవాళ్లు క్యాన్లు పట్టుకుని ఎండలో నిలబడతారు, మిషన్ ఆపి మళ్లీ పెట్టేసరికి ఇరవై నిమిషాలు, చివర్లో ఉన్నవాళ్ల పాలు విరిగిపోతే కాలవలో పారబోసుకోవాలి. పారబోసిన ఆడవాళ్లు తిట్టే తిట్లు భీమారావుదాకా వచ్చాయి. ఈ ఉదయం తొమ్మిదికి ఆయన ఫోను చేసినప్పుడు గొంతులో కోపం కూడా అయిపోయినట్టుంది, అలసిపోయి మాట్లాడాడు. ఈ పొద్దు కూడా సగంలోనే ఆగిందట, క్యాన్ల బండి డ్రైవరు పోయి చూస్తే కేంద్రం తలుపు తీసే ఉందట, జనం లేరట, కేంద్రం నడిపే వెంకటముని లేడట, ఫోనేమో ఆఫ్. “మిషన్ ఆగితే ఆగె, మనిషి వదిలేసి పోతాడా? ఇర్వై రెండేండ్లుగా ఉండాడని ఓర్చుకుంటాండా. మీ ప్రోగ్రాం తప్పా, మావాడి తప్పా, పదకొండుకంతా రాసి పంపు తల్లీ. మావాడి తప్పయితే ఈ పొద్దే తీసేస్తా” అన్నాడు. అలాగే సార్ అంది యమున. ఇంకేం అంటుంది.

కానీ ఆ కాగితం తను రెండు వారాల కిందటే ఒకసారి రాసేసింది. అదీ కొలవకుండా. బస్సులో నిలబడి, ఒక చేత్తో పైకమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోనులో. ఆపరేటర్ పొరపాటు అయి ఉండవచ్చును, మిగతా కేంద్రాలలో ఇట్టి సమస్య లేదు. ఇట్టి. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తన చేతికి, ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు, తప్పు పక్కవాడి మీదికి తోయాల్సి వచ్చినప్పుడు మనిషికి ఆఫీసు భాష దానంతట అదే వచ్చేస్తుంది కాబోలు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. పైగా జగదీష్ మెచ్చుకున్నాడు. నలుగురు మనుషులున్న ఈ కంపెనీకి యజమాని ఆయన, పొద్దున కూడా కుర్చీ వెనక నిలబడి, తెర వైపు చూడకుండా కిటికీలోంచి రోడ్డు చూస్తూ, చూడు యమునా, ఏం రాసినా రాయి గానీ మన తప్పని మాత్రం రాయొద్దు, ఒకదానికి ఒప్పుకుంటే ఇరవై మూడూ పోతాయి, మనం నలుగురం టమాటా మార్కెట్లో గంపలు మోసుకోవాలి అని నవ్వి, నవ్వింది తనొక్కడేనని చూసుకుని వెళ్లిపోయాడు. గంపలు మోయడం ఆయనకి నవ్వులాట. యమున నాన్న గంగులప్ప మోశాడు. కుప్పంలో రైలు దిగే సరుకు మోశాడు, ఆ తర్వాత మల్బరీ తోటల్లో కూలికి పోయాడు, కూతురు పొద్దంతా కుర్చీలో కూర్చుని చేసే పనేమిటో ఆయనకి ఇప్పటికీ అర్థం కాదు, కూర్చునే పనికి అంత అలుపేంది మ్మే అంటాడు. అలుపే నాయనా. ఏం మోస్తున్నానో కనపడకపోతే అలుపు రెండింతలు.

పంతొమ్మిది నిమిషాలు. కళ్లు మూసుకుంటే మిట్టపల్లె కేంద్రం కనిపించింది, రేకుల గది, తడి సిమెంటు నేల, పుల్లటి పాలవాసన, గోడకి వేలాడే తువ్వాలు. మూడు నెలల కిందట మిషన్ పెట్టడానికి తనే వెళ్లింది. సభ్యులు నూట అరవై నలుగురు, అందరినీ గోడకి నిలబెట్టి తన ఫోనుతోనే ఫోటోలు తీసింది. నంబరు కొడితే ఆ మనిషి కార్డు తెర నిండా ఫోటోతో సహా తెరుచుకోవాలి, పాలు కొలిచి వెన్న శాతం చూసి కార్డు మూసేయాలి, పక్కవాళ్లు రావాలి. ఫోటోలు చిన్నవిగా చేసి పెట్టుండాల్సింది. రేపు చేద్దాంలే అనుకుంది, ఆ రేపు మూడు నెలలైంది. ఒక్కో ఫోటో తెరుచుకుంటే ఆరు మెగాబైట్లు తింటుంది, మూసేస్తే ఇచ్చేస్తుంది, మూసేస్తారు కదా ఎలాగూ అనుకుంది. మొదటి ఫోటో యశోదమ్మది. వెంకటముని భార్య. ఆ కేంద్రం పెట్టిన రోజు నుంచీ ఆమె చెంబుతోనే మొదటి పాలు పడాలని పల్లెలో రివాజు, అందుకే ఒకటో నంబరు. పొట్టి మనిషి, ముక్కుకి రెండు వైపులా తెల్లరాళ్ల పుడకలు, ఫోనుకేసి అనుమానంగా చూసి, “నా మొగమేల తీస్తావమ్మా, పాలిచ్చేది ఆవు గదా, దానిది తియ్యి” అంది. అందరూ నవ్వారు. నవ్వుతుండగానే తను నొక్కింది. నూట అరవై నాలుగు ఫోటోల్లో నవ్వు ఉన్నది అదొక్కటే, మిగతావాళ్లంతా ఆధార్ కార్డుకి దిగినట్టు బిగదీసుకుని నిలబడ్డారు.

ఆ రోజు వెంకటమునికి నేర్పించింది కూడా తనే. అరవై దాటిన మనిషి, సన్నగా ఎత్తుగా, తెరని వేలితో ముట్టుకునే ముందు ప్రతిసారీ వేలు తువ్వాలుకి తుడుచుకునేవాడు. ఇదిగో ఇలా నంబరు కొట్టాలి, ఇదిగో కార్డు, ఇదిగో పని అయిపోయాక ఈ ఎర్ర గుర్తు. ఎర్ర గుర్తు నొక్కితే ఫోటో మీద ఆ మూల నుంచి ఈ మూలకి ఎర్రగా అడ్డగీతలు పడి, అరక్షణం నిలిచి, కార్డు మాయమవుతుంది. ఆ గీతలు పడటం తన సొంత తెలివే, ఎవరూ అడగలేదు, జగదీష్ చూసి స్టైలుగా ఉందన్నాడు. వెంకటముని చూశాడు. వేలు తుడుచుకున్నాడు. మళ్లీ చూశాడు. ఏదో అడిగాడు. ఏమడిగాడు? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది, బయట అప్పటికే బస్సు హారను కొడుతోంది, నాలుగున్నర బస్సు పోతే చౌడేపల్లె దాకా ఆటో దొరకదు, అందుకే ఏదో ఒకటి చెప్పి బ్యాగు తగిలించుకుని పరుగెత్తింది. ఏం చెప్పింది? గుర్తు రావడం లేదు. మిషన్లకున్న సుఖం మనిషికెక్కడిది, ఏ నిమిషంలో ఏది నొక్కారో అంతా లాగ్ ఫైలులో వరుసగా ఉంటుంది, రోజూ పని ముగించి మిషన్ని పద్ధతిగా ఆపగానే ఆ రోజు ఫైలు దానంతట అదే ఇక్కడికి వచ్చి పడుతుంది. ఈ ఉదయం వచ్చిన ఫైలే ఇప్పుడు మాసిఫ్ కింద నడుస్తోంది. ఈ పొద్దు అక్కడ వెంకటముని వేలు చేసిందంతా ఇక్కడ మళ్లీ జరుగుతోంది, నెమ్మదిగా.

నీళ్లు తాగుదామని లేచి, సీసా ఖాళీగా ఉంటే మళ్లీ కూర్చుంది. మెడ నరం పట్టేసింది. అమ్మ అయితే వెల్లుల్లి వేసి కాచిన నూనె రాసేది. శనివారం కుప్పం పోవాలి. పోయిన వారం కూడా పోవాలనే అనుకుంది. అంతకు ముందు వెళ్లినప్పుడే కదా వెంకటముని బస్సులో కనిపించింది. పలమనేరులో ఎక్కాడు, చేతిలో స్టీలు క్యారియరు, చంకలో దుప్పటి. తనని చూసి లేవబోయాడు, కూర్చోండి అప్పా అంటే కూర్చున్నాడు. యశోదమ్మకి కిడ్నీలు రెండూ చెడిపోయాయట, కుప్పంలో పెద్దాసుపత్రిలో పెట్టారట, దగ్గర చెల్లెలు ఉందట, తను ఉదయం పాలు ముగించుకుని మధ్యాహ్నం బస్సుకి పోయి సాయంత్రం తిరిగి వస్తున్నాడట, రోజూ. ఇది చెప్పి, ఏదో తప్పు చేసినట్టు, “పాలు మాత్రం ఒక పూట గూడా ఆపల్యా మ్మా. ఆవులు ఆగవు గదా” అన్నాడు. మిషన్ గురించి ఒక్క మాట ఎత్తలేదు. తనూ ఎత్తలేదు. ఆ బస్సులోనే, ఆయన వి.కోట దగ్గర కిటికీకి తల ఆనించి నిద్రపోయాక, తను లేచి ముందుకు వెళ్లి నిలబడి ఆ మెయిలు రాసింది. సీటు ఉండగా లేచి నిలబడింది ఎందుకో అప్పుడు తనకే తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది. మనిషి పక్కన కూర్చుని ఆ మనిషి మీద రాయడం చేతకాలేదు, అందుకని దూరం జరిగి రాసింది. అంతే తేడా.

సున్నా లీటర్ల సంగతి కూడా అందులో రాసింది. అది గుర్తొస్తే ఇప్పుడు చెంపలు వేడెక్కాయి. నలభై రోజులుగా మిట్టపల్లె లాగ్‌లో మొదటి వరుస ఎప్పుడూ ఒకటో నంబరే, పాలు మాత్రం సున్నా. ఆవు లేదు, బస్సులో ఆయనే చెప్పాడు, చూసుకునేవాళ్లు లేక పక్కింటివాళ్ల కొట్టంలో కట్టేశారు, పాలు వాళ్ల నంబరు మీద పోతున్నాయి. అయినా రోజూ తెల్లారి అయిదు ముప్పావుకి ఒకటో నంబరు కార్డు తెరుచుకుంటుంది, సున్నా అని పడుతుంది, ఆ తర్వాతే రెండోవాళ్లు. ఖాళీ కార్డులు తెరుస్తున్నాడు, శ్రద్ధ లేదు అని రాసింది తను. శ్రద్ధ లేదు. నవ్వుతున్న ఆ ముఖాన్ని తెర నిండా ఒకసారి తెచ్చుకుని, ఆమె చెంబు పడినట్టే లెక్కేసుకుని, దాని మీదే పని మొదలుపెడుతున్నాడు ముసలాయన. ఇది తెలుసుకోవడానికి కంప్యూటరు చదువు అక్కర్లేదు. ఆ బస్సులో ఆయన ఒళ్లో క్యారియరు చూస్తే చాలు.

ముప్పై ఒక్క నిమిషాలు. కింద మగ్గం ఒకటి ఆగింది, కరెంటు పోయిందేమోనని లైటు వైపు చూసింది, మళ్లీ మొదలైంది, దారం తెగి ఉంటుంది. ఎర్రదారం నేస్తున్నారు ఈ వారం, మెట్ల దగ్గర చూసింది, పెళ్లి చీరలు. ఎరుపు. ఎర్ర పెన్ను. కుర్చీలో నిటారుగా కూర్చుంది యమున. రెండోసారి మిట్టపల్లె వెళ్లినప్పుడు, ఫిర్యాదు వచ్చిన కొత్తలో, మధ్యాహ్నం పూట, పాలు పోసేవాళ్లు ఎవరూ లేరు, తనే ఒక పది కార్డులు తెరిచి మూసి, బాగానే ఉంది కదా అనేసింది. అప్పుడు వెంకటముని పక్కన బల్ల మీద పాత నోటుబుక్కు విప్పుకుని ఉన్నాడు, మిషన్ రాకముందు ఇరవై రెండేళ్లుగా సభ్యుల పేర్లన్నీ రాసుకున్న బుక్కు, మిషన్ వచ్చినా ఆయన దాన్ని వదలలేదు. ఎర్ర పెన్ను మూత తీసి, ఒక పేరు మీద ఆ మూల నుంచి ఈ మూలకి నిదానంగా గీత గీశాడు, ఇంకోటి అడ్డంగా గీశాడు, పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఏంటప్పా అంటే, “చెంగయ్య పోయినాడు మ్మా నిన్న. పోయినోళ్లకే ఈ గీత. బతికుండే మనిషి మీద ఎర్ర గీత గీయకూడదు, మా నాయన కాలం నుంచీ ఉండేదే” అన్నాడు. ఊ అంది తను. విని ఊ అంది. చెవిలోంచి పోయిన మాట బుర్ర దాకా పోవడానికి రెండు నెలలు పట్టింది.

 మాసిఫ్ నడుస్తున్న తెరని కదపకుండా పక్కన ఇంకో తెర తెరిచి, నిన్నటి దాకా వచ్చిన పాత లాగ్‌లన్నీ ముందేసుకుంది. కార్డు మూసిన ప్రతిసారీ ఒక మాట పడుతుంది, తను పరీక్షకి మూసినవి వదిలేసి ఆ మాట ఎన్నిసార్లు ఉందో వెతకమంది. మూడు నెలలు, రోజుకి నూట అరవై కార్డులు, అంటే పధ్నాలుగు వేల పైచిలుకు సార్లు ఉండాలి. మూడు, అంది కంప్యూటరు. మళ్లీ వెతకమంది. మూడే. నలభై రెండో నంబరు, ఆ రోజు తారీఖు తను మిట్టపల్లె వెళ్లిన తారీఖే, చెంగయ్యది. నూట పద్దెనిమిది. తొమ్మిది. ఆ ఇద్దరి పేర్లు చూసింది, ముసలామె ఒకరు, తన వయసు వాడొకడు, ఎవరో తెలియదు. మూసిన రోజు తర్వాత ఆ మూడు నంబర్లూ ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. అంతే. రోజూ పొద్దున నూట అరవై మందిని పలకరిస్తూ, ఒక్కరి ముఖం మీద కూడా వేలితో గీత గీయడానికి చేయి రాక, ఒకదాని మీద ఒకటి కార్డులు తెరుచుకుంటూ పోయాడు మనిషి. అడుగున ఒకటో నంబరు, దాని మీద రెండు, దాని మీద మూడు, ఒక్కో ముఖం ఆరు మెగాబైట్లు, నూట ఇరవై ముఖాలు దాటేసరికి పాత మిషన్ మోయలేక ఆగిపోయేది. మళ్లీ పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టేవాడు, జనం తిడుతుంటే తలొంచుకుని పడేవాడు, అయినా గీయలేదు.

మరి చెప్పొచ్చు కదా ఒక మాట, ఇలాగమ్మా అని. ఆ ప్రశ్న మనసులో అనుకోగానే, ఇందాక నాలుక చివర ఆగిపోయిన మాట పూర్తిగా గుర్తొచ్చేసింది, బస్సు హారనుతో సహా. అడిగాడు. మొదటి రోజే అడిగాడు. వేలు తువ్వాలుకి తుడుచుకుంటూ, చిన్న గొంతుతో, “ఇది నొక్కకపోతే ఏమైతాది మ్మా?” అన్నాడు. తను బ్యాగు తగిలించుకుంటూ, “ఏం కాదులే అప్పా, పక్క నంబరు కొట్టినా వస్తాది” అంది. ఏం కాదులే. నిజమే, పక్క నంబరు కొట్టినా వస్తుంది, పాతది కింద అలాగే ఉండిపోతుందన్న సంగతి చెప్పాలంటే ఇంకో రెండు నిమిషాలు కావాలి, బస్సు పోతుంది. ఆ పెద్దమనిషి ఆ మాట నమ్మి మూడు నెలలు నడుచుకున్నాడు, చదువుకున్న పిల్ల చెప్పింది కదా అని. మిషన్ ఆగినప్పుడల్లా తనని అడగకపోవడం కూడా అందుకేనేమో, అడిగితే నువ్వే కదమ్మా చెప్పావు అన్నట్టవుతుందని. సిగ్గుతో ఏడుపు వచ్చింది యమునకి. గదిలో ఇంకో ఇద్దరున్నారు కాబట్టి ఏడవలేదు, మీగడ కట్టిన టీ తాగేసింది.

పది నలభై రెండుకి తెల్ల గీత కిందికి దిగింది. అయిపోయింది. బొమ్మ గీయమని ఇంకో వరుస టైపు చేస్తే, నల్లటి తెర మీద చుక్కలతో, గీతలతో నిలువు కమ్మీలు లేచాయి, ఎడమ నుంచి కుడికి, మెట్ల మీద మెట్టు, ఎక్కడా దిగకుండా. తను అనుకున్నట్టే. ఇందులో కొత్తేమీ లేదు, రాసి పంపేసి ముఖం కడుక్కుందామని లేవబోయింది. లేవలేదు. అంకెలు తప్పుగా ఉన్నాయి. మిషన్ ఆగిపోవాలంటే ఏడు వందల మెగాబైట్లు దాటాలి, ఈ బొమ్మ అయిదు వందల ఇరవై రెండు దగ్గరే ఆగింది. ఎనభై ఏడు కార్డులు. ఎనభై ఏడింటికి ఆ మిషన్ ఎప్పుడూ ఆగలేదు. అయినా, ఆగిపోయిన మిషన్ లాగ్ పంపదు కదా, పద్ధతిగా ఆపితేనే పంపుతుంది, ఈ పొద్దు ఫైలు ఏడుంబావుకల్లా వచ్చి ఉంది, తను చూసుకోలేదు. ఇంకొకటి. ఎక్కుతూనే పోయే బొమ్మలో శిఖరం గుర్తు చిట్టచివరి కమ్మీ మీద ఉండాలి. ఇక్కడ దాని ముందు కమ్మీ మీద ఉంది. కింద అంకెల పట్టీలో ఆఖరి వరుస అయిదు వందల పదహారు. ఆరు తగ్గింది. ఒక్క ముఖం.

లాగ్ తెరవడానికి ధైర్యం చాలలేదు. తెరిచింది. మొదటి వరుస, అయిదు నలభై నాలుగు, ఒకటో నంబరు, సున్నా లీటర్లు. తర్వాత రెండు, పదిహేను, ముప్పై మూడు, క్యూలో ఎవరు ముందు నిలబడితే వాళ్లు. ఆరు యాభై ఎనిమిదికి ఎనభై ఏడో మనిషి, నాలుగున్నర లీటర్లు. ఆ తర్వాత పదకొండు నిమిషాలు ఏమీ లేదు. మిగతా డెబ్బై మంది క్యాన్లు పట్టుకుని నిలబడే ఉంటారు ఆ పదకొండు నిమిషాలూ, ఎవరూ తిట్టి ఉండరు. ఏడు తొమ్మిదికి ఒకటో నంబరు మళ్లీ పైకి వచ్చింది. ఏడు తొమ్మిదికే మూతపడింది. మిషన్ ఆపబడింది. మూడు నెలలుగా ఆమె కార్డు మీద ఒక్కసారీ ముట్టుకోని ఆ ఎర్ర గుర్తుని, నవ్వుతున్న ఆ ముఖం మీద, తువ్వాలుకి వేలు తుడుచుకుని నొక్కాడు. ఆ అడ్డగీతలు గీసింది తను. ఎవరూ అడగకుండా.

కాగితం రాయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఇట్టి అన్న మాట రాలేదు. కార్డు మూయకపోయినా పనవుతుందని ఆపరేటరుకి చెప్పింది నేనే, ఫోటోలు చిన్నవి చేయనిది నేను, తప్పు ప్రోగ్రాందే, రాసింది నేను, రెండు వారాల కిందట నేను రాసిన మెయిలు కొలవకుండా రాసినది, దాన్ని చించేయండి. జగదీష్‌కి చూపించలేదు. పంపేశాక చూపిద్దామనుకుంది, ఉద్యోగం పోతే పోతుంది, గంపలున్నాయి. పంపిన నిమిషానికే భీమారావు ఫోను వచ్చింది. చదివినాడట, సగం అర్థమైందట, సరే, మనిషిది తప్పు కాదంటావు, అట్లే కానీ. కానీ ఆయన కోపం ఇంకా తీరలేదు, అలసటగానే ఉన్నా కోపమే.

“మూడు నెల్లది నీ తప్పే అనుకుందాం. ఈ పొద్దు డెబ్బై మందిని నిలబెట్టేసి యాడికి పోయినట్టు మ్మా ఆయప్ప? ఒక మాట చెప్పి పోవల్ల గదా?”

“కుప్పం పోయింటాడు సార్. యశోదమ్మ పోయినట్టుండాది.”

అటు వైపు నుంచి ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది, ఎవరో కాగితాలు పక్కన పెట్టిన చప్పుడు.

“నాకే ఇంకా తెలీదు. ఆయప్ప ఫోను ఇంకా ఆఫే. నీకెవురు చెప్పినారు?”

యమున తెర వైపు చూసింది. చివరి కమ్మీ, ముందుదాని కన్నా వెంట్రుకవాసి పొట్టిగా, అలాగే నిలబడి ఉంది.

“ఆయనే సార్” అంది. “ఏడూ తొమ్మిదికి.”